ఫిజియాలజీ, పాథాలజీ పరీక్షకు మంచి ప్రశ్నలు రాయడం ఎలా?

మెడికల్ కాలేజీలో కొత్తగా ట్యూటర్‌గా చేరారు. ఇంటర్నల్స్‌కి నలభై ఎంసీక్యూలు రాసివ్వమని పెద్దవాళ్లు మీకు అప్పగించారు. ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒకటే. పాఠ్యపుస్తకం తెరిచి, బోల్డ్‌లో ఉన్న వాక్యాలు ఏరి, ఒక్కోదాంట్లో ఒక మాట తీసేసి దాన్నే ప్రశ్న చేసేస్తారు. సాయంత్రానికి నలభై పూర్తవుతాయి. పిల్లలకు మార్కులూ బాగానే వస్తాయి. ఆ పిల్లలే తర్వాత వార్డులో, ఆయాసపడుతున్న రోగి పక్కన నిలబడి, ఆయాసం ఎందుకొచ్చిందని అడిగితే నేల చూపులు చూస్తారు.

ఈ రెండు సబ్జెక్టుల్లోనూ అడగాల్సింది నిజానికి ఒక్క ప్రశ్నే: ఇది మారితే తర్వాత ఏది మారుతుంది, ఎందుకు? ఫిజియాలజీలో దాన్ని ఆరోగ్యంగా ఉన్న శరీరం గురించి అడుగుతాం, పాథాలజీలో చెడిపోయిన శరీరం గురించి అడుగుతాం. పేర్లు, అంకెలు రానివాళ్లు దీనికి ఎలాగూ జవాబు చెప్పలేరు. కాబట్టి బట్టీ పట్టిన విషయాన్ని విడిగా పరీక్షించాల్సిన పని పెద్దగా ఉండదు. పత్రం తయారు చేసే పద్ధతి వరసగా చూద్దాం.

మొదట గళ్లు గీయండి

ప్రశ్నలు రాయడానికి ముందు ఒక కాగితం మీద గళ్లు గీయండి. నిలువునా గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, రక్తం, హార్మోన్లు, ఇలా ఏ వ్యవస్థల్లో పరీక్ష పెడుతున్నారో అవి. అడ్డంగా మూడే గళ్లు: గుర్తుంచుకోవడం, కారణం చెప్పడం, కొత్త సందర్భంలో అంచనా వేయడం. ఒక్కో గడిలో ఎన్ని ప్రశ్నలో ముందే నింపేయండి. 'గుర్తుంచుకోవడం' కిందికి వచ్చే ప్రశ్నలు పావు వంతు దాటకూడదని నా అభిప్రాయం. ఈ కాగితం లేకపోతే ఏమవుతుందో తెలుసా? రాసేవాళ్లకు ఇష్టమైన పాఠం మీద పన్నెండు ప్రశ్నలు వస్తాయి, కష్టమైన యాసిడ్-బేస్ (రక్తంలో ఆమ్ల, క్షారాల సమతూకం) మీద ఒక్కటే వస్తుంది.

వైద్యవిద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన పిరమిడ్ మీరు వినే ఉంటారు: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలడు, నిజంగా చేస్తాడు. రాత పరీక్ష ఎంత బాగా పెట్టినా కింది రెండు మెట్లే అందుతాయి. మూడో మెట్టును చూసేది 1975లో హార్డెన్ బృందం తెచ్చిన ఓఎస్‌సీఈ పద్ధతి, అంటే విద్యార్థి చేత పని చేయించి చూసే పరీక్ష. రాత పత్రం మీద దాని బరువు కూడా వేయకండి.

ఒక ప్రశ్నను తీసుకుని సానపడదాం

"రక్తహీనత గురించి కింది వాటిలో సరైనది ఏది?" అన్న ప్రశ్న చూడండి. ఇందులో అసలు ప్రశ్నే లేదు. నాలుగు ఆప్షన్లూ చదివితే తప్ప ఏమి అడుగుతున్నారో తెలియదు. ఒక ఆప్షన్ కారణం గురించి, ఒకటి లక్షణం గురించి, ఒకటి మందు గురించి ఉంటాయి. నాలుగు వేర్వేరు తప్పొప్పుల ప్రశ్నలను ఒకే గొడుగు కిందికి తెచ్చినట్టు.

దాన్నే ఇలా మార్చండి:

"28 ఏళ్ల మహిళకు కొన్ని నెలలుగా అలసట, మెట్లెక్కితే ఆయాసం. హీమోగ్లోబిన్ డెసీలీటరుకు 7 గ్రాములు. ఊపిరితిత్తుల పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయి. మామూలు గాలే పీలుస్తోంది. ఆమె ధమని రక్తంలో ఆక్సిజన్ పాక్షిక పీడనం, హీమోగ్లోబిన్ సంతృప్తత, మొత్తం ఆక్సిజన్ పరిమాణం ఎలా ఉంటాయి?"

ఆప్షన్లు: ఎ) పీడనం మామూలు, సంతృప్తత మామూలు, పరిమాణం తక్కువ. బి) మూడూ తక్కువ. సి) పీడనం మామూలు, మిగతా రెండూ తక్కువ. డి) పీడనం తక్కువ, సంతృప్తత మామూలు, పరిమాణం తక్కువ.

జవాబు ఎ. ఊపిరితిత్తులు బాగున్నాయి కాబట్టి ప్లాస్మాలో కరిగే ఆక్సిజన్ పీడనం తగ్గదు. ఉన్న హీమోగ్లోబిన్ మామూలుగానే నిండుతుంది. కానీ మోసేదే సగానికి తగ్గిపోయింది. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 15 గ్రాములుంటే డెసీలీటరు రక్తంలో దాదాపు 20 మిల్లీలీటర్లు ఉంటుంది, 7 గ్రాములుంటే తొమ్మిదిన్నర. ఈ లెక్క విద్యార్థి వేయక్కర్లేదు, మీరు మాత్రం వేసి చూసుకోవాలి.

ఇప్పుడు ఆప్షన్లను అరచేత్తో మూసి స్టెమ్ (ఆప్షన్లకు ముందుండే ప్రశ్న భాగం) మాత్రమే చదవండి. విషయం తెలిసినవాడు ఆప్షన్లు చూడకుండానే జవాబు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ప్రశ్నను మళ్లీ రాయండి. నలభై ప్రశ్నలకూ ఈ ఒక్క పరీక్ష పెట్టినా సగం చెత్త తీసేసినట్టే.

ఇలాంటి ప్రశ్నతో ఇంకో సౌకర్యం ఉంది. స్టెమ్‌లో ఒక్క సంగతి మార్చితే కొత్త ప్రశ్న తయారవుతుంది. రక్తహీనత బదులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పొగ పీల్చిన మనిషిని పెట్టండి. ఆక్సిజన్ పీడనం మామూలే, వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ కూడా మామూలు అంకెనే చూపిస్తుంది, ఎందుకంటే అది కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్‌తో నిండినదిగానే లెక్కేస్తుంది. నిజంగా ఉన్న ఆక్సిజన్ మాత్రం బాగా తక్కువ. ఆయన బదులు నిన్ననే ఎత్తయిన కొండ మీదికి చేరిన మనిషిని పెడితే మూడూ తగ్గుతాయి. మూడు బ్యాచ్‌లకు మూడు రకాలుగా ఇవ్వొచ్చు. సీనియర్ల దగ్గర పాత పేపర్ దొరికినా బట్టీ పనికిరాదు.

తప్పు ఆప్షన్లు ఎక్కడ దొరుకుతాయి?

మంచి తప్పు ఆప్షన్ కోసం పుస్తకంలో వెతక్కండి, పిల్లల నోట్లోనే ఉంటుంది. పై ప్రశ్నలో బి ఎంచుకున్నవాడు "రక్తం తక్కువ, కాబట్టి అన్నీ తక్కువ" అనుకుంటున్నాడు. సి అన్నవాడికి సంతృప్తత అంటే శాతమనే సంగతి తలకెక్కలేదు, అది హీమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పే కొలత అనుకుంటున్నాడు. డి అన్నవాడు పీడనాన్నీ పరిమాణాన్నీ కలిపేస్తున్నాడు. జవాబు పత్రం చూస్తే ఎవరికి ఏ పాఠం మళ్లీ చెప్పాలో మీకు తెలిసిపోతుంది.

ఆప్షన్లు తోచకపోతే వాటిని తీసేసి, క్లాసులో అదే ప్రశ్నను చీటీ మీద రాయించండి. అక్కడ ఎక్కువమంది చేసిన తప్పులే మీ ఆప్షన్లు. సరైన జవాబుతో కలిపి మూడు గట్టివి దొరికి నాలుగోది దొరకలేదంటే మూడింటితో ఆపేయండి. 2005లో రోడ్రిగెజ్ దశాబ్దాల అధ్యయనాలను కలిపి చూసి, మూడు ఆప్షన్లు చాలన్న నిర్ణయానికి వచ్చారు. నాలుగోది పెట్టాలి కాబట్టి పెట్టిన ఆప్షన్ చదవడానికి టైమ్ తింటుంది, అంతే.

ఫిజియాలజీలో బాణాల ప్రశ్నలు, అంటే ఏది పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అని అడిగేవి, బాగా పనిచేస్తాయి. "ఎఫరెంట్ ఆర్టీరియోల్ కొద్దిగా సంకోచిస్తే జీఎఫ్‌ఆర్, రీనల్ ప్లాస్మా ఫ్లో, ఫిల్ట్రేషన్ ఫ్రాక్షన్ ఎటు పోతాయి?" ఎఫరెంట్ ఆర్టీరియోల్ అంటే గ్లోమెరులస్ (మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే రక్తనాళాల ముద్ద) నుంచి రక్తం బయటికి పోయే చిన్న ధమని. అది సంకోచిస్తే గ్లోమెరులస్‌లో పీడనం పెరిగి జీఎఫ్‌ఆర్ (వడపోత వేగం) పెరుగుతుంది, ప్రవాహం తగ్గుతుంది, కాబట్టి ఫ్రాక్షన్ (ప్రవాహంలో వడపోతకు పోయే వంతు) పెరుగుతుంది. ఇందులో "కొద్దిగా" అన్న మాట వదిలేశారనుకోండి, బాగా చదివిన విద్యార్థి లేచి "సంకోచం మరీ ఎక్కువైతే జీఎఫ్‌ఆర్ కూడా తగ్గుతుంది కదా" అంటాడు. అతను చెప్పేది నిజమే. ఒక్క మాట లోపం వల్ల తెలిసినవాడికి సున్నా, తెలియనివాడికి మార్కు వస్తాయి.

అంకెలు ఇచ్చే ప్రశ్నల్లో ఇంకో జాగ్రత్త. మీరు ఊహించి రాసిన విలువలు ఒకదానితో ఒకటి పొసగాలి. బైకార్బొనేట్ 12, కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 అని రాసి, పీహెచ్ 7.25 అని వేశారనుకోండి. ఈ మూడింటినీ కలిపే హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణంలో పెడితే పీహెచ్ 7.10 రావాలి. అలాంటి రోగి ఎక్కడా ఉండడు. బైకార్బొనేట్ 12కి పడిపోయినప్పుడు ఊపిరితిత్తులు సరిగా స్పందిస్తే కార్బన్ డయాక్సైడ్ 26 దగ్గరికి రావాలి, అప్పుడు పీహెచ్ 7.29 దగ్గర ఉంటుంది. నిజానికి 40 అన్న అంకెలోనే మంచి ప్రశ్న ఉంది: ఈ రోగి శ్వాస ఎందుకు స్పందించడం లేదు? దాన్ని అడగాలనుకుంటే పీహెచ్ సరిచేసి అడగండి. ల్యాబ్ విలువలు ఇచ్చిన ప్రతిచోటా మామూలు హద్దులు పక్కనే ఇవ్వండి. సోడియం ఎంత ఉండాలో గుర్తుందా లేదా అన్నది ఇక్కడ మీ ప్రశ్న కాదు.

పాథాలజీకి వచ్చేసరికి

పాథాలజీలో పేరు అడగాలన్న తహతహ ఇంకా ఎక్కువ. ఫలానా కణం పేరు, ఫలానా బాడీ పేరు, ఎవరో శాస్త్రవేత్త పేరుతో ఉన్న వ్యాధి. "మెదడులో ఇన్‌ఫార్క్షన్ వస్తే ఏ రకం నెక్రోసిస్?" అంటే, అంటే రక్తం అందక చచ్చిన కణజాలం ఏ రూపంలోకి మారుతుందంటే, "లిక్విఫాక్టివ్" (కరిగి ద్రవమయ్యే రకం) అని నిద్రలో లేపినా చెబుతారు. దాని బదులు కాలాన్ని, రోగిని కలిపి అడగండి.

"గుండెపోటుతో చేరిన 62 ఏళ్ల వ్యక్తి ఆరో రోజు హఠాత్తుగా కుప్పకూలాడు. మెడ సిరలు ఉబ్బి ఉన్నాయి, గుండె చప్పుడు మంద్రంగా ఉంది, రక్తపోటు పడిపోయింది. దెబ్బతిన్న గుండె కండరాన్ని ఇప్పుడు మైక్రోస్కోప్ కింద చూస్తే ప్రధానంగా ఏది కనిపిస్తుంది?"

మొదటి కొన్ని గంటల్లో లైట్ మైక్రోస్కోప్‌కి దాదాపు ఏమీ కనిపించదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో న్యూట్రోఫిల్స్ నిండుతాయి. మూడు నుంచి ఏడు రోజుల మధ్య మాక్రోఫేజ్‌లు చచ్చిన కండరాన్ని తినేస్తుంటాయి, కొత్త కణజాలం ఇంకా గట్టిపడి ఉండదు. గోడ చిరిగే ప్రమాదం ఎక్కువగా ఉండేది అప్పుడే. నెలలు గడిస్తే గట్టి మచ్చ. రోజుల పట్టిక బట్టీ పట్టినవాడు మాక్రోఫేజ్ ఆప్షన్ దాకా వస్తాడు. దానికీ ఈ రోగి కూలిపోవడానికీ సంబంధం తెలిసిందో లేదో రెండో ప్రశ్న చెబుతుంది: "ఇదే రోగిలో రక్తపోటు పడిపోవడానికి మొదటి కారణం ఏది?" గుండె గోడ చిరిగి పెరికార్డియంలో (గుండె చుట్టూ ఉన్న సంచిలో) రక్తం నిండి, జఠరికలు నిండే చోటు లేక, డయాస్టోల్ (గుండె సడలి నిండే దశ) చివరి పరిమాణం తగ్గింది. దాంతో స్ట్రోక్ వాల్యూమ్ (ఒక్కో స్పందనకు గుండె బయటికి పంపే రక్తం) తగ్గింది. పాథాలజీతో మొదలై ఫిజియాలజీకి చేరాం.

ఒకే రోగి మీద వరసగా రెండు మూడు ప్రశ్నలు వేసేటప్పుడు ఒక చిక్కు ఉంది. రెండో స్టెమ్ మొదటి జవాబు చెప్పేయకూడదు. అలాగే మొదటిది తప్పినవాడు రెండోది కూడా తప్పక తప్పే పరిస్థితి రాకూడదు, ఒక తప్పుకు రెండు శిక్షలు పడతాయి. పై ఉదాహరణలో రెండు ప్రశ్నలూ విడివిడిగా నిలుస్తాయి.

స్లైడ్ ఫొటో పెట్టే ప్రశ్నకు చేతి పరీక్ష వేరు: ఫొటోను మూసి చదవండి. "ముప్పై ఏళ్లుగా సిగరెట్లు తాగే వ్యక్తి, దగ్గులో రక్తం, బయాప్సీలో కెరటిన్ పెర్ల్స్" అని రాసి కింద ఫొటో పెడితే, కెరటిన్ పెర్ల్స్ అన్న మాటే ఏ క్యాన్సరో చెప్పేస్తుంది కాబట్టి ఎవరూ ఫొటో వైపు చూడరు. అది అలంకారమే. కెరటిన్ సంగతి స్టెమ్‌లోంచి తీసేయండి, ఫొటోలో చూసి వాళ్లే చెప్పనివ్వండి.

పట్టించే గుర్తులు

పరీక్షలు రాసి రాసి ఆరితేరిన పిల్లలకు విషయం తెలియకపోయినా జవాబు పట్టే విద్య ఉంటుంది. అన్నిటికన్నా పొడవైన ఆప్షన్ సరైనది, ఎందుకంటే రాసినవాళ్లు దానికే షరతులు కట్టి జాగ్రత్తగా రాస్తారు. "ఎల్లప్పుడూ", "ఎన్నటికీ" ఉన్నవి తప్పు. స్టెమ్‌లోని మాట ఏ ఆప్షన్‌లో మళ్లీ కనిపిస్తే అది సరైనది. "పైవన్నీ" ఉంటే రెండు సరైనవని తెలిసినా చాలు, మూడోది చదవక్కర్లేదు. "పైవేవీ కావు" అన్నది ఇంకా దారుణం, తప్పైనవి ఏవో తెలుసని తేలుతుంది గానీ సరైనది తెలుసని తేలదు. ఈ రెండూ మానేయండి. "ఏది కాదు?" అనే ప్రశ్నలు కూడా వీలైనంత వరకు వద్దు. తప్పనిసరైతే "కాదు" కింద గీత గీయండి.

పత్రం పూర్తయ్యాక వేరే డిపార్ట్‌మెంట్ మిత్రుడికి ఇచ్చి, విషయం పట్టించుకోకుండా గెస్ కొట్టమనండి. అనాటమీ మనిషికి మీ పాథాలజీ పేపర్‌లో బోలెడు మార్కులు వచ్చాయంటే ఎక్కడో తలుపు తెరిచి ఉంది.

పెద్ద ప్రశ్నలు

పది మార్కుల ప్రశ్న పెడితే కీ ముందే రాయండి, కారణం నుంచి ఫలితానికి వెళ్లే ఒక్కో అడుగుకు మార్కు వేయండి. "సిరోసిస్‌లో పొట్టలో నీరు ఎందుకు చేరుతుందో వివరించండి" అనుకుందాం. కాలేయంలో నిరోధం పెరిగి పోర్టల్ పీడనం (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిరలో పీడనం) పెరగడం ఒక అడుగు. పేగుల వైపు ధమనులు వ్యాకోచించి శరీరం రక్తం తక్కువైందనుకోవడం ఒకటి. రెనిన్-యాంజియోటెన్సిన్-ఆల్డోస్టెరాన్ హార్మోన్ల గొలుసు లేచి మూత్రపిండాలు సోడియంను, నీటిని పట్టి ఉంచడం ఒకటి. ఆల్బుమిన్ తగ్గడం ఒకటి. నాలుగు పేర్లూ వరసగా రాసి ఊరుకున్నవాడికి సగం మార్కులే, వాటిని కలిపినవాడికి పూర్తి మార్కులు. ఈ సంగతి విద్యార్థులకు ముందే చెప్పండి. చెప్పకుండా మార్కులు కోస్తే గొడవే.

వైవా

వైవాలో చాలామంది ఎగ్జామినర్లు విద్యార్థికి ఏది రాదో వెతుకుతారు. టెన్షన్‌తో వణుకుతున్న పిల్లకు మొదటే అరుదైన సిండ్రోమ్ పేరు అడిగితే ఆ తర్వాత తెలిసినవి కూడా రావు. తేలిక ప్రశ్నతో మొదలుపెట్టి, జవాబు వచ్చే కొద్దీ మెట్టు ఎక్కండి. మెట్లు కూడా ముందే రాసి పెట్టుకోండి, అందరికీ అవే మెట్లు. ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లం పేరుకుపోయిన షుగర్ రోగి (డయాబెటిక్ కీటోఅసిడోసిస్) గురించి అడిగితే ఇలా సాగాలి:

"డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌తో వచ్చిన రోగి. సీరం పొటాషియం 5.8. ఎక్కువా తక్కువా అమ్మా?"

"ఎక్కువ, మేడమ్."

"మరి ఒంట్లో మొత్తం పొటాషియం?"

"అదీ... ఎక్కువే కదా మేడమ్?"

"ఈ రోగికి రెండు రోజులుగా మూత్రం ధారాళంగా పోతోంది. ఇప్పుడు చెప్పు."

"ఓ... మూత్రంలో పోయింది. మొత్తం తక్కువ. కణాల్లోంచి బయటికి వచ్చింది కాబట్టి రక్తంలో ఎక్కువ కనిపిస్తోంది."

"ఎందుకు బయటికి వచ్చింది?"

"ఇన్సులిన్ లేదు. గ్లూకోజ్ ఎక్కువై కణాల్లోంచి నీరు లాగుతుంది, దాంతో పాటు పొటాషియం కూడా."

"అయితే ఇన్సులిన్ ఇస్తే?"

"పొటాషియం మళ్లీ లోపలికి పోతుంది. రక్తంలో బాగా పడిపోవచ్చు. గుండె లయ తప్పుతుంది."

ఇక్కడ రెండో జవాబు తప్పని ఆపేసి ఉంటే ఈ అమ్మాయికి సున్నా వచ్చేది. ఒక్క ఆధారం అందించేసరికి మిగతా గొలుసంతా తనే అల్లింది. ఆధారం ఇచ్చాక వచ్చిన జవాబుకు కొంచెం తక్కువ మార్కు వేయండి, అందులో తప్పు లేదు. ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి, ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. తర్వాతి విద్యార్థి లోపలికి రాకముందే మార్కు వేసేయండి. సాయంత్రం అందరివీ కలిపి వేస్తే చివర వచ్చినవాళ్ల ముఖాలే గుర్తుంటాయి.

పాస్ మార్కు, పరీక్ష తర్వాత

పాస్ మార్కు యూనివర్సిటీ నిర్ణయిస్తే మీ చేతిలో ఏమీ లేదు. మీ చేతిలో ఉంటే 1971 నాటి యాంగాఫ్ పద్ధతి చేయడం సులువు. నలుగురైదుగురు టీచర్లు కూర్చుని, అంచుమీద ఉన్న విద్యార్థులు వందమంది ఉంటే ఈ ప్రశ్నకు ఎంతమంది సరిగా చెబుతారని ఒక్కో ప్రశ్నకు అంచనా వేస్తారు. ఆ అంచనాల సగటే పాస్ మార్కు.

ఫలితాలు వచ్చాక ఒక్కో ప్రశ్నకు రెండు లెక్కలు చూడండి. మొదటిది, ఎంతమంది సరిగా రాశారు. రెండోది, బాగా చదివినవాళ్లే సరిగా రాశారా అన్నది. మొత్తం మార్కుల ప్రకారం పై 27 శాతాన్ని, కింది 27 శాతాన్ని విడదీయండి. వందమందిలో పైన 27, కింద 27. ఒక ప్రశ్నను పైవాళ్లలో 22 మంది, కిందివాళ్లలో 9 మంది సరిగా రాస్తే, తేడా 13ని 27తో భాగిస్తే 0.48. బాగుంది. 0.2 కన్నా తక్కువ వస్తే ప్రశ్నను మళ్లీ చదవండి. మైనస్ వచ్చిందా, ముందు మీ కీ చూసుకోండి, చాలాసార్లు అక్కడే తప్పుంటుంది. ప్రాథమిక విషయం అందరూ సరిగా రాశారంటే తేడా సున్నాకి దగ్గరగా వస్తుంది, దాన్ని చూసి ఆ ప్రశ్న తీసేయకండి. కొన్ని సంగతులు అందరికీ తెలిసే తీరాలి. ఐదు శాతం మంది కూడా ఎంచుకోని ఆప్షన్ ఉంటే అది వచ్చేసారికి మార్చండి.

పరీక్ష అయిన వారంలోపు ఒక క్లాసు పేపర్‌కే ఇవ్వండి. సంవత్సరానికి ఒక పెద్ద పరీక్ష కన్నా పది నిమిషాల చిన్నవి తరచుగా పెట్టడం మేలు. 2006లో రోడిగర్, కార్పిక్ చేసిన ప్రయోగంలో, చదివినదాన్నే మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, వారం తర్వాత మాత్రం చదివి పరీక్ష రాసినవాళ్లదే పైచేయి. క్లాసులో జవాబుల జాబితా చదవకండి. ఎక్కువమంది ఎంచుకున్న తప్పు ఆప్షన్ తీసుకుని, అది ఎంచుకున్న ఒకరిని ఎందుకలా అనుకున్నావని అడగండి. వాళ్ల వాదనలో పస ఉందని తేలితే రెండు జవాబులకూ మార్కు ఇవ్వండి లేదా ప్రశ్నను రద్దు చేయండి. ఏది చేసినా అందరి పేపర్లూ మళ్లీ దిద్దాలి, అడగడానికి వచ్చినవాళ్లవి మాత్రమే దిద్దితే సరిపోదు.